సిద్దమ్మ ఒకటి రెండు మూడు

మార్చి చివరి వారంలో గోపీనాథ్ సార్ బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "యశోదా, నీ గొంతు మళ్లీ నీళ్లలోంచి మాట్లాడినట్టు వస్తోంది" అన్నారు.

ఆయన మా టీమ్ మేనేజర్. ఇంగ్లండులోని ఒక బీమా కంపెనీకి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పడం మా పని. వాళ్ల పగలు మనకు మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలవుతుంది. మూడేళ్లు ఆ పని బెంగళూరు ఆఫీసులో కూర్చుని చేశాను. ఫిబ్రవరి నుంచి ఎర్రగుంట్లలో మా ఇంట్లోంచి చేస్తున్నాను.

"సాయంత్రం ఆరు దాటితే చాలు, కస్టమర్లు హలో హలో అంటున్నారు. పైవాళ్లు రికార్డింగులు విన్నారు. మే నెలలో ఇళ్ల నుంచి పనిచేసేవాళ్లందరి లైన్లూ ఆడిట్ చేస్తారు. ఒక వారం చూస్తారు, ఏ గంటలో చూస్తారో చెప్పరు. అప్‌లోడ్ పదికి తగ్గకూడదు. తగ్గితే జూన్ ఒకటికి ఇక్కడ సీట్లో ఉండాలి."

"లైను మారుస్తాను సార్."

"మార్చు. నేను చెయ్యగలిగింది ముందుగా చెప్పడం ఒక్కటే."

మా ఆయన భూపేష్ సిమెంటు ఫ్యాక్టరీ ప్యాకింగ్ ప్లాంటులో పనిచేస్తాడు. ఆ ఉద్యోగం బెంగళూరుకు రాదు. మా పాప శిల్పను ఏడాది పిల్లగా మా అత్త సిద్దమ్మ దగ్గర వదిలి నేను వెళ్లాను. మూడేళ్లు ఒకరినొకరం ఫోనులో చూసుకున్నాం. ఫిబ్రవరిలో నేను సూట్‌కేసుతో దిగిన రోజు శిల్ప సాయంత్రం దాకా నా వెంటే తిరిగింది. దీపాలు పెట్టే వేళకు నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"అమ్మా, ఎప్పుడు కట్ చేస్తావు?"

గోపీనాథ్ సార్ ఫోన్ పెట్టేశాక నాకు గుర్తొచ్చింది ఆ ప్రశ్నే.

మా ఇల్లు రైల్వే గేటు అవతల ఉంది. గోడలు కడప బండలవి, పైన బండల మిద్దె. నేను పనిచేసేది వెనక గదిలో. తలుపు వేసుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే వీధివైపు ఏం జరుగుతోందో నాకు వినపడదు. భూపేష్ కూడా రెండింటి షిఫ్టుకు వెళ్లి రాత్రికి వచ్చేవాడు. సాయంత్రాలు ఆ ఇల్లు మా అత్తది.

ఆ ఏడు ఉగాది నాటికే మా వీధిలో బోర్లు ఆగిపోవడం మొదలైంది. మాది ఆగలేదు. పగలంతా ఊరిన నీళ్లను అత్త సాయంత్రం ఆరింటికి మోటారు వేసి తోడేది. పైపు అరుగు మీదుగా వీధిలోకి లాగేది. అందరూ బిందెలు తెచ్చి వరుసలో పెట్టేవాళ్లు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క. దాన్ని దాటి ఎవరూ తమ బిందె ముందుకు జరపరు. గేటు మూయడం, నీళ్లు లేవనడం అత్తకు తెలియదు. ఆమె అత్త కాలంలో ఆ ఇంట్లో చేదబావి ఉండేదట. అప్పుడూ అంతేనట.

మా నెట్టు లైను వీరభద్రది. వీధిలో టీవీ కేబుల్ కూడా అతనిదే. ఫోను ఎత్తడు. కానీ ఒక రోజు అటో ఇటో, భుజాన నిచ్చెన వేసుకుని వస్తాడు.

"ఏమప్పా, పదిసార్లు చేస్తే ఒక్కసారి ఎత్తవు" అన్నాడు భూపేష్.

"ఎత్తితే తిడతారు కదన్నా. అందుకే నేనే వస్తా. వచ్చినా కదా."

వీరభద్ర తన ఫోనులో స్పీడ్ టెస్ట్ పెట్టి నా ముందు ఉంచాడు. వచ్చేది నలభై ఎనిమిది, పోయేది నలభై ఆరు.

"చూడక్కా. కడపలో పెద్ద పెద్ద హోటళ్లలో గూడ ఇంత రాదు."

"ఇప్పుడు పదకొండు గంటలు. మాపటేళ వచ్చి చూడు, రెండు చూపిస్తాంది" అన్నాను.

"పొద్దనొక వైరు, మాపటేళ ఒక వైరు లేదు కదక్కా. నా కాడ్నించి సరిగానే వస్తాండాది. మీ ఇంట్లోనే ఏందో తాగుతాండాది."

భూపేష్‌కు కోపం వచ్చింది. "మా ఇంట్లో ఏం తాగుతాది? ముసలామె, పసిబిడ్డ, ఈమె. ఈమెది మాట్లాడే పని. ఇంగ తాగేదెవురు?"

"అది నాకేం తెలుసన్నా. మీ ఇల్లు."

భూపేష్ ప్యాకింగ్ ప్లాంటులో మోటార్లు, బెల్టులు చూసే మనిషి. రెండు రోజులు ఆలోచించి ఒక సంగతి కనిపెట్టాడు. నెట్టు పడిపోయేది ఆరింటికి. అత్త మోటారు వేసేదీ ఆరింటికే. "ఓల్టేజీ" అన్నాడు. ప్రొద్దుటూరు వెళ్లి, కరెంటు తగ్గినా రూటరుకు సరిగ్గా అందించే బ్యాటరీ పెట్టె తెచ్చాడు. దాన్ని గోడకు బిగించి, ఆ రోజు సెలవు పెట్టి సాయంత్రం దాని ముందు కూర్చున్నాడు. అత్త మోటారు వేసింది. పెట్టె మీద పచ్చ లైటు నిలకడగా వెలిగింది. నెట్టు పడిపోయింది.

మర్నాడు వీరభద్రతో గొడవయింది. వీరభద్ర మళ్లీ తన ఫోను తీసి నలభై ఎనిమిది చూపించాడు. భూపేష్ ఆ ఫోను వైపు చూడలేదు.

"పీక్కోని పో నీ వైరు."

"దుడ్లు కట్టిన నెల దాటినాక పీకుతాలే అన్నా. మళ్ల నువ్వే పిలుస్తావు."

"పిలిస్తే చూద్దాంలే."

అత్త వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చాట ఆపి ఇద్దరి వైపూ చూసి, మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత నేను ఊళ్లో దొరికే నెట్టులన్నీ వాకబు చేశాను. సర్కారు లైను అన్నిటికన్నా చవక. ఆఫీసులో ఉన్నాయన మర్యాదగా కూర్చోబెట్టి, మా వీధి పెట్టెలో ఖాళీ లేదు, వానలు పడ్డాక చూద్దాం అన్నాడు. ప్రొద్దుటూరు కంపెనీ ఒకటి వేగం బాగా ఇస్తుందని విన్నాను. వాళ్ల వైరు రైలు పట్టాల అవతలి దాకా వచ్చి ఆగింది. పట్టాలు దాటడానికి రైల్వే అనుమతి కావాలి, అది ఎప్పుడొస్తుందో వాళ్లకే తెలియదు. మిగిలింది వైరు లేని డబ్బా. మిద్దె మీద ఒక పళ్లెం లాంటిది పెడతారు, అది టవరు నుంచి సిగ్నల్ తీసుకుని కింద ఇంట్లోకి పంపుతుంది. నెల బిల్లు వీరభద్ర లైనుకు దాదాపు రెట్టింపు.

డబ్బా పెట్టడానికి యేసుప్రసాద్ వచ్చాడు. మెడలో కంపెనీ ట్యాగు, చేతిలో డ్రిల్లు.

"దీనికి తెగేదానికి వైరే లేదక్కా. అంతా గాల్లోనే వస్తాది" అన్నాడు.

అత్త తలెత్తి మిద్దె వైపు చూసింది. "గాల్లో వచ్చేదానికి ఇంత దుడ్లా?"

"టవరు గూడ పెట్టుకోవాల కదమ్మా కంపెనీ."

"ఏమైనా అయితే నువ్వే వస్తావా నాయనా?"

"నంబరిస్తానమ్మా. దానికి చెయ్యండి, వాళ్లు చూసుకుంటారు."

"ఆ వాళ్లు యాడుంటారు?"

యేసుప్రసాద్ నవ్వి డబ్బా వైపు తిరిగాడు. సెట్టింగులు పెడుతూ నన్ను అడిగాడు, పేరూ పాస్‌వర్డూ ఏం పెట్టమంటారని. టీవీలో, ఫోన్లలో మళ్లీ మార్చుకునే పని తప్పుతుందని, పాతవే పెట్టమన్నాను. అవి మూడేళ్ల కిందట భూపేష్ పెట్టినవి.

మధ్యాహ్నం పనిలో కూర్చునే ముందు చూస్తే అప్‌లోడ్ పద్నాలుగు. వీరభద్ర లైనుతో పోలిస్తే తక్కువే, కానీ నాకు పది చాలు. నాలుగింటికి పదమూడు. గోపీనాథ్ సార్‌కు మెసేజ్ పెట్టాను, లైను మార్చాను అని. ఆరు దాటింది. లివర్‌పూల్ నుంచి ఒక పెద్దామె, కారు బీమా గురించి మాట్లాడుతోంది. మధ్యలో ఆగి, "అమ్మాయ్, నువ్వు ఉన్నావా" అంది. ఉన్నానని మూడుసార్లు చెప్పాను. ఆమెకు వినపడలేదు.

అప్‌లోడ్ మూడు.

కంపెనీ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది. చివరకు ఒక అమ్మాయి పలికి, నా ఇబ్బందికి చింతిస్తున్నామని, నా ఫిర్యాదు వాళ్లకు ముఖ్యమని, నలభై ఎనిమిది గంటల్లో పరిష్కరిస్తామని చెప్పింది. ఆ వాక్యాలు నాకు కొత్త కాదు. నేను రోజూ ఇంగ్లీషులో చెప్పేవి అవే. వాటి వెనక నిచ్చెన వేసుకుని ఎవరూ రారని కూడా నాకు తెలుసు. ఆమెకు థాంక్స్ చెప్పి పెట్టేశాను.

ఆడిట్ వారం దగ్గరపడింది. భూపేష్ శిల్పను జూన్‌లో ఏ బడిలో చేర్పించాలో మాట్లాడటం మానేశాడు. నేను బెంగళూరులో పాత హాస్టల్‌కు ఫోన్ చేసి మంచం ఖాళీ ఉందా అని అడిగాను. ఉంది అన్నారు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఆడిట్ మొదలయ్యే ముందు శనివారం పొద్దున, అత్తా నేనూ చింతపండు ముందేసుకుని గింజలు తీస్తున్నాం. శిల్ప ఆ గింజలు ఏరి డబ్బాలో వేస్తోంది.

"అంత దుడ్లు పోసి ఈ మిద్దె మీద డబ్బా ఎందుకు తెచ్చినారు మ్మే?" అంది అత్త. "ఆ వీరభద్రునిదే మేలు."

"ఎందుకు?"

"ఇది పొద్దన పూట పర్వాలేదు. మాపటేళ గూడ బొమ్మలవీ బాగానే వస్తాండాయి. మనం మాట్లాడేదే అవతలోళ్లకు పోవడంలే. పాతదైతే రాను పోను రెండూ ఒకటే మాదిరి ఉన్యా. అందురూ ఒకేసారి మీద పడితేనే తగ్గుతాండె, అంతే."

నా చెయ్యి ఆగింది. అత్త గింజలు తీస్తూనే ఉంది.

"ఇంగోటి. రైలొచ్చి స్టేషన్లో నిలబడితే ఈ డబ్బా ఇంకా పడిపోతాది. రైల్లో జనమంతా ఫోన్లు తీస్తారంట కదా, టవరు వాళ్లకు పంచల్ల. వీరభద్రునిదానికి ఆ బాధ లేదు."

నెలన్నరగా నేను పరీక్షలు పెట్టి తేల్చలేనిది ఆమె నాలుగు మాటల్లో చెప్పింది. రైలు సంగతి నాకు తట్టనే లేదు. మా అత్త దగ్గర ఉన్నది బటన్ల ఫోను. అందులో ఆమె నొక్కేది పచ్చ బటను, ఎర్ర బటను.

"అత్తా, ఇదంతా నీకెవరు చెప్పినారు?"

"ఎవురేంది, అందురూ చెప్తాండారు. రామేశ్వరమ్మ పెనిమిటి కువైట్లో ఉండాడు కదా, ఆయప్పతో మాట్లాడాల ఆమె. ఆ దీవెన పోలీసు పరీక్షకు పాఠాలు ఇంటాది. ఒకరికొకటి."

"యాడ?"

"మన అరుగు మీద. బిందె నిండేదాకా ఊరికే కూసోవాల్నా?"

"పాస్‌వర్డు ఎవరిచ్చినారు?"

అత్త నా వైపు చూసింది. అడగకూడనిది అడిగినట్టుగా కాదు, తెలిసిందే అడిగినట్టుగా.

"నా పేరే కదా మ్మే. సిద్దమ్మ, చివర ఒకటి రెండు మూడు. భూపేషే చెప్పినాడు, నీ పేరే పెట్టినానమ్మా అని. నా పేరడిగితే చెప్పకుండా ఉంటానా?"

ఆ సాయంత్రం ఆరింటికి వాకిలి దగ్గర నిలబడి చూశాను. మోటారు మోగుతోంది. బిందెలు వరుసలో ఉన్నాయి. అరుగు మీద, ఎదురింటి మెట్ల మీద, ఆగి ఉన్న ఆటోలో మనుషులు కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లో ఫోన్లు. కొత్తగా చూసింది కాదు. ప్రతి శనివారం, ప్రతి ఆదివారం చూస్తూనే ఉన్నాను. నీళ్ల కోసం కూర్చున్నారనుకున్నాను. నీళ్ల కోసమే కూర్చున్నారు కూడా.

రామేశ్వరమ్మ ఫోనులోకి వంగి, "వినపడతాందా? నువ్వు పలకడం నాకు వినపడతాంది. నాది నీకు వినపడతాందా?" అని అరుస్తోంది. నన్ను చూసి నవ్వింది. "మీ కొత్త డబ్బా ఏం బాలేదమ్మే యశోదా. మోసపోయినారు."

లోపలికి వచ్చి, ఫోనులో డబ్బా సెట్టింగులు తెరిచాను. పాస్‌వర్డు మార్చడానికి రెండు నిమిషాలు చాలు. అత్త వచ్చి గడప మీద కూర్చుంది.

"మారుస్తాండావా?"

"ఆడిట్ అయ్యేదాకా అత్తా. ఒక్క వారం."

"మార్చు. నీ ఉద్యోగం." వీధివైపు చూసి మళ్లీ అంది. "రేపు రామేశ్వరమ్మ వచ్చి, రావడంలే అక్కా అంటే ఏం చెప్పల్ల?"

"పాడైందని చెప్పు."

"బోరు పాడైందని నేనెప్పుడన్నా చెప్పినానా?"

నేను ఫోనులో కొత్త పాస్‌వర్డు గడి తెరిచాను.

"పోయినేడు బిడ్డకు జరం వచ్చి కళ్లు తేలేసినప్పుడు ఆటో పిలిచి ప్రొద్దుటూరికి ఎత్తుకోని పోయింది ఆమే. నువ్వు ఫోన్లో ఏడుస్తాంటివి. భూపేష్ డ్యూటీలో ఉన్యాడు. నాకు కాళ్లు ఆడలే." అత్త లేచింది. "మార్చొద్దని చెప్పడంలే. నేనేం చెప్పల్లో నాకు చెప్పు, అంతే."

పైపు దగ్గర ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది. నేను తెర మూసేశాను.

పొద్దున భూపేష్‌కు చెప్పాను. వింటూ చాలాసేపు బ్యాటరీ పెట్టె మీది పచ్చ లైటు వైపు చూశాడు.

"అంటే వీరభద్రుడు చెప్పింది నిజమేనా? ఇంట్లోనే తాగుతాందా?"

"ఇంట్లో కాదు. అరుగు మీద."

అతను నవ్వాడు. ఆ నెలలో అతను నవ్వడం అదే మొదలు. తర్వాత ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. డబ్బా వీధికి ఉంటుంది. నాకు మాత్రం వీరభద్ర లైను మళ్లీ రావాలి, దానికి వేరే పాస్‌వర్డు. బిల్లు రెండింటిదీ కట్టినా, హాస్టల్ మంచం కన్నా తక్కువే అన్నాను. హాస్టల్ మాట అప్పుడు బయటపడింది. భూపేష్ లేచి చొక్కా వేసుకున్నాడు.

వీరభద్రను వెతికే పని లేకపోయింది. అతని ఇంటి బోరు ఏప్రిల్లోనే పోయింది. గొడవయినప్పటి నుంచి కూడా రోజూ సాయంత్రం రెండు క్యాన్లతో మా పైపు దగ్గరికి వస్తూనే ఉన్నాడు. అత్త అతనికి నీళ్లు పడుతూనే ఉంది. ఎదురుపడ్డ రోజున భూపేష్, వీరభద్ర చెరో వైపు చూసేవాళ్లు.

ఆదివారం సాయంత్రం భూపేష్ వెళ్లి అతని పక్కన నిలబడ్డాడు.

"వీరభద్రా."

"చెప్పన్నా."

"లైను మళ్ల కావాల."

"యాడ్నించి తేవాలన్నా? పీక్కోని పో అన్న్యావు కదా."

బిందెల దగ్గర అందరూ ఇటు తిరిగారు. రామేశ్వరమ్మ అంది, "నోరు తెరిచి అడుగుతాండాడు కదప్పా. బెట్టు చెయ్యొద్దు."

"రేపటికి కావాల" అన్నాడు భూపేష్. "లేకుంటే ఆమె బెంగళూరికి పోవాల్సొస్తాది."

వీరభద్ర క్యాను మూత బిగించాడు. "నేను పీకలేదన్నా. చుట్ట చుట్టి స్తంభానికి కట్టి పెట్టినా. ఎండాకాలంలో ఈ ఇంటి వైరు పీకి, మళ్ల క్యాను తీసుకోని ఈ పైపు కాడికి ఏ మొగం పెట్టుకోని వచ్చేది?"

"మరి ఆ పొద్దు చెప్పకపోతివా?"

"నువ్వు చెప్పనిస్తివా?" క్యాను పక్కకు జరిపాడు. "ఇంతకీ ఏం తాగుతాండాదో తెలిసిందా?"

భూపేష్ గడ్డంతో అరుగు వైపు చూపించాడు. వీరభద్ర అటు చూశాడు, ఆటోలోకి చూశాడు, ఎదురింటి మెట్ల వైపు చూశాడు. తన చేతిలోని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"సరే, నిచ్చెన తెస్తా" అన్నాడు.

కొత్త పాస్‌వర్డు పెట్టాక అత్తకు చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు చెప్పొద్దు మ్మే. తెలిస్తే, అడిగినోళ్లకు లేదనలేను."

సోమవారం నుంచి ఆడిట్. తెర మూలలో ఒక చిన్న గడి తెరుచుకుని, అందులో అంకెలు మారేవి. ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. సోమవారం మధ్యాహ్నం తెరుచుకుంది, నలభై నాలుగు. మంగళ, బుధవారాల్లో సాయంత్రాలు తెరుచుకుంది, నలభైకి తగ్గలేదు. గురువారం కాల్ మధ్యలో తెరుచుకుంది. గోపీనాథ్ సార్ తెర పక్కన చాట్ కిటికీలో, "ఏం చేశావు?" అని రాశారు. "పాత లైనే సార్" అని రాశాను.

శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు వీధిలో పెద్ద కేక వినపడింది. హెడ్‌ఫోన్లు ఉన్నా వినపడింది. వెంటనే నా తెర మీద గుండ్రం తిరగడం మొదలైంది. కాల్ తెగింది.

గడ్డి ట్రాక్టరు. వేసవిలో మా వైపు గడ్డి వాములు ట్రాక్టర్ల మీద మిద్దె ఎత్తున పోతాయి. ఆ గడ్డికి తగులుకుని వీరభద్ర వైరు రెండు స్తంభాల మధ్య తెగి రోడ్డు మీద పడింది.

నా ఫోనుకు గోపీనాథ్ సార్ నుంచి మెసేజ్ వచ్చింది. "లైను పోయింది. ఆడిట్ వాళ్లు చివరి టెస్ట్‌కు ఇప్పుడు నీ లైనే తెరిచారు. ఐదు నిమిషాలు ఆపగలను. తర్వాత ఫెయిల్ అని రాస్తారు."

కంప్యూటర్‌ను డబ్బా నెట్టుకు మార్చాను. పనిచేసింది. గడి తెరుచుకుంది. అప్‌లోడ్ రెండు.

షిఫ్టు మధ్యలో ఆ తలుపు తీసుకుని వీధివైపు వెళ్లడం అదే మొదటిసారి. వాకిట్లో నిలబడ్డాను. హెడ్‌ఫోన్లు మెడలోనే ఉన్నాయి. వీరభద్ర అప్పటికే క్యాన్లు వరుసలో వదిలి నిచ్చెన కోసం పరుగెత్తుతున్నాడు. అందరూ వైరు గురించి మాట్లాడుకుంటున్నారు. అత్త పైపు పట్టుకుని ఎవరి బిందెకో పెట్టింది. నన్ను చూసింది.

"ఏం మ్మే?"

"ఇప్పుడే చూస్తాండారు అత్తా. డబ్బాలో రెండే వస్తాంది."

అత్త పైపు బిందెలోనే వదిలి అరుగెక్కింది. ఆమె గొంతు పెద్దది కాదు.

"అందురూ నా పేరు మీద్నించి దిగండి. నా కోడలికి కావాల."

ఎవరూ ఎందుకని అడగలేదు. రామేశ్వరమ్మ, "ఉండు, మళ్ల చేస్తా" అని కువైట్ ఫోను పెట్టేసింది. దీవెన పోలీసు పరీక్షకు నమూనా పరీక్ష రాస్తోంది. గంట పరీక్ష, సగం అయింది, మధ్యలో ఆపితే మొదటి నుంచి రాయాలి. నా ముఖం చూసి, "మళ్ల రాసుకుంటాలే వదినా" అని ఆపేసింది. ఆటోలో వాళ్లకు ఎదురింటి మెట్ల మీది వాళ్లు చెప్పారు.

నేను లోపలికి పరుగెత్తి తెర ముందు కూర్చున్నాను.

అంకె మూడయింది. ఐదయింది. ఆగింది. ఏడయింది. అది రామేశ్వరమ్మ అనుకున్నాను, లేదా దీవెన. ఎనిమిది. బయట అత్త ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది. తొమ్మిది. అక్కడ ఆగిపోయింది. తొమ్మిది తర్వాత చుక్క, చుక్క తర్వాత అంకె మారుతోంది తప్ప తొమ్మిది మారడం లేదు. ఇంకెవరున్నారో నాకు అర్థం కాలేదు. గోపీనాథ్ సార్ కిటికీలో, "రెండు నిమిషాలు" అని వచ్చింది.

నా వెనక తలుపు తెరుచుకుంది. ఆ గదిలోకి షిఫ్టులో రాకూడదని శిల్పకు తెలుసు. రిమోటు రెండు చేతులతో పట్టుకుని గడప అవతలే నిలబడింది.

"జేజి అందర్నీ దిగమనింది కదా. నేను గూడ ఆపేసినా."

మా టీవీ కూడా డబ్బా నెట్టు మీదే నడుస్తుందన్న సంగతి నేను మరచిపోయాను. తెర వైపు తిరిగాను. పదకొండు. పన్నెండు. పద్నాలుగు దగ్గర నిలిచింది. గడి ఆ అంకెతో కాసేపు ఉండి, దానంతట అదే మూసుకుంది.

గోపీనాథ్ సార్ రాశారు. "అయిపోయింది. ఐదు రోజులూ పాస్. నువ్వు అక్కడే ఉండు."

కాల్స్ మళ్లీ మొదలవడానికి కొంచెం వ్యవధి ఇచ్చారు. నేను శిల్పను ఎత్తుకుని బయటికి వచ్చాను. వీరభద్ర నిచ్చెన మీద ఉన్నాడు, కింద ఇద్దరు దాన్ని పట్టుకున్నారు. అతని క్యాన్లు వరుసలో అక్కడే ఉన్నాయి, వెనకవాళ్లు వాటిని దాటలేదు. అరుగు మీద అందరూ ఫోన్లు ఒళ్లో పెట్టుకుని, ఏం చెయ్యాలో తెలియనట్టు కూర్చున్నారు. అత్త పైపు వదిలిన బిందె నిండి పొర్లుతోంది.

"అయిందా?" అంది.

"అయిందత్తా. ఇంగ పోయే పనిలేదు."

ఆమె పైపు తీసి తర్వాతి బిందెలో పెట్టింది. నా వైపు చూడకుండానే అడిగింది.

"మరి ఈళ్లను ఎక్కమనొచ్చునా?"

"ఎక్కమను."

లోపలికి వచ్చి, తలుపు వేయకుండా, హెడ్‌ఫోన్లు మెడలోనే ఉంచుకుని కూర్చున్నాను. అవతలి గదిలో శిల్ప టీవీ పెట్టుకుంది. వీరభద్ర వైరు ఇంకా అతకలేదు, డబ్బా మీదే ఉన్నాను. నేనే ఒకసారి స్పీడ్ టెస్ట్ నొక్కి చూశాను. పదమూడు. పది. దీవెన పరీక్ష మళ్లీ మొదలుపెట్టి ఉంటుంది. ఏడు. నాలుగు. స్టేషన్లో రైలు కూత వేసింది. మూడు.

వీధిలోంచి రామేశ్వరమ్మ గొంతు వినపడింది.

"ఇప్పుడు వినపడతాందా?"